రెండో తరగతి ఇంగ్లిష్: ఒక్కో పిల్లకు ఆరు నిమిషాల నోటి పరీక్ష, ముసాయిదా చూసి తప్పులు చెప్పండి

తాటాకు_పలక
అందరికీ నమస్కారం. రెండో తరగతి, 32 మంది పిల్లలు, బడి దాటితే ఇంగ్లిష్ చెవిన పడని ఊరు. రాత పేపర్లో చూసి రాయడానికి, జతపరచడానికి, ఖాళీలు నింపడానికి పిల్లలకు మార్కులు బాగానే వస్తున్నాయి. అదే పిల్లలతో 'బ్రింగ్ ద డస్టర్' అంటే కదలరు. అంటే పేపరు కొలుస్తున్నది కంటినీ చేతినీ, భాషను కాదు. అందుకే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరికి 6 నిమిషాల్లో చేసే పరీక్ష ఒకటి రాశాను. మొత్తం 192 నిమిషాలు. రోజుకు ఆరుగురి చొప్పున ఆరు రోజుల్లో పూర్తవుతుంది.

ముసాయిదా ఇది:
విని చేయడం: 6 ఆదేశాలు (స్టాండ్ అప్, టచ్ యువర్ నోస్, గివ్ మీ ద పెన్ లాంటివి).
విని బొమ్మ చూపడం: 8 మాటలు, మాటకో కార్డు, కార్డుకు 4 బొమ్మలు.
అక్షరాలు: ఎ నుంచి జెడ్ వరకు చదివించడం.
మాటలు: పాఠ్యపుస్తకంలోవే 10, మూడేసి అక్షరాలవి.
మాట్లాడడం: 4 ప్రశ్నలు. పూర్తి వాక్యంలో చెబితే 2, ఒక్క మాటలో చెబితే 1.

మొహమాటం లేకుండా చెప్పండి.

హలంతం
మాస్టారూ, అక్షరాల భాగం పూర్తిగా మార్చాలి. ఎ నుంచి జెడ్ వరకు వరసగా అడిగితే మీకు వినిపించేది పాట. 'ఎల్లెమ్మెన్నోపీ' అనేది ఒకే ముక్కగా వస్తుంది. అందులో ఐదు అక్షరాలున్నాయని చాలామంది పిల్లలకు తెలియదు. వేలు పెట్టి మధ్యలో ఎన్ చూపిస్తే మళ్ళీ ఎ దగ్గర నుంచి మొదలుపెట్టి అక్కడికి వస్తారు.

26 అవసరం లేదు, 10 చాలు. చిన్నబడి అక్షరాలే పెట్టండి, ఎందుకంటే పుస్తకంలో పిల్ల కంటికి కనబడేవి నూటికి తొంభై పైగా అవే. సి, ఓ, ఎస్ లాంటివి పెద్దబడిలోనూ అదే రూపం కాబట్టి వాటితో ఏమీ తేలదు. ఎ, బి, డి, ఇ, జి, హెచ్, ఎన్, ఆర్, టి, యు తీసుకోండి. బి, డి పక్కపక్కన రాకూడదు. పక్కన ఉంటే ఒకటి చూసి రెండోది ఊహిస్తారు, దూరంగా ఉంటేనే తికమక బయటపడుతుంది.

ఒక్కో అక్షరానికి రెండు ప్రశ్నలు: పేరేంటి, ధ్వని ఏంటి. రెండు వేర్వేరు గడుల్లో రాయండి, కలపొద్దు. పేర్లు పదీ తెలిసి ధ్వనులు రెండే తెలిసిన పిల్ల 'క్యాట్'ను 'సీ ఏ టీ' అని చదువుతుంది. దాన్ని చదవడం అనుకుని ముందుకు పోతున్నాం.

కరీంనగర్_ఎస్జీటీ
హలంతం సార్, ధ్వని అడిగితే పిల్లలు 'క', 'ట', 'బ' అంటారు కదా. దానికి మార్కు ఇవ్వాలా వద్దా? మా కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ళ టీచర్ల) సమావేశాల్లో ఈ మాట ఎప్పుడూ తేలదు.

హలంతం
సగం ఇవ్వండి. కారణం చెబుతాను.

మన అక్షరం అచ్చును కడుపులో పెట్టుకుని వస్తుంది. 'క' అంటే క్ + అ. ఇంగ్లిష్ సి అక్షరానికి ఉన్నది 'క్' మాత్రమే. పిల్ల 'క, యా, ట' అని మూడు ముక్కలు చెప్పి కలిపితే 'కయాట' అవుతుంది, 'క్యాట్' కాదు. ఇది పిల్ల తెలివితక్కువతనం కాదు. మనం నేర్పిన తెలుగు వర్ణమాల పద్ధతిని నమ్మకంగా పాటిస్తోంది.

మందు మన దగ్గరే ఉంది: పొల్లు. క్, ట్, ప్, స్, మ్, న్ అని బోర్డు మీద పొల్లుతో రాసి, పక్కన ఇంగ్లిష్ అక్షరం రాయండి. పొల్లు తెలిసిన పిల్లకు పని చాలా తేలికవుతుంది. ఇంకా పొల్లు నేర్చుకోని ఒకటో తరగతి పిల్లకైతే గొంతు మీద చెయ్యి పెట్టించి 'ప' అని, 'ప్' అని అనిపించండి. మొదటిదానికి గొంతు అదురుతుంది, రెండోదానికి అదరదు.

కలపడం నేర్పేటప్పుడు సాగే ధ్వనులతో మొదలయ్యే మాటలు ముందు పెట్టుకోండి: స్, మ్, న్, ఫ్, ల్. 'స్స్స్స్', దాని మీదే ఊపిరి ఆపకుండా 'ఇ', చివర 'ట్': సిట్. ట్, ప్, క్, బ్ సాగవు. సాగదీయబోతే అచ్చు వచ్చి చేరుతుంది. 'పిన్', 'టాప్' లాంటివి రెండో వారానికి వదలండి.

ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్: ఈ ఆరు అక్షరాలు ముందు నేర్పే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. ఈ ఆరుతోనే సిట్, పిన్, ట్యాప్, న్యాప్, ప్యాన్, టిన్, టిప్, స్యాట్... ఇలా డజను పైగా మాటలు వస్తాయి. బి, డి రెండూ ఈ ఆరులో లేకపోవడం పెద్ద సుఖం. వాటి మధ్య కనీసం మూడు వారాల ఎడం ఉంచండి.

లెక్కలమాస్టారు
బొమ్మల భాగంలో ఒక లెక్క చూసుకోండి. కార్డుకు 4 బొమ్మలుంటే కళ్ళు మూసుకుని వేలు పెట్టినా నాలుగింట ఒకటి తగులుతుంది. 8 మాటలకు 2 మార్కులు ఊరికే వస్తాయి. కాబట్టి 8కి 2 వచ్చిన పిల్లను 'కొంచెం తెలుసు' అనుకోకూడదు, 3 వచ్చినా అనుమానమే. 6 దాటితేనే తెలిసినట్టు లెక్క. కార్డుకు 6 బొమ్మలు పెడితే ఈ ఊహ బలం తగ్గుతుంది, కానీ ఏడేళ్ళ పిల్ల ఆరు బొమ్మలు వెతకడానికే సమయం తినేస్తుంది. నాలుగే ఉంచి, గీత పైకి పెట్టండి.

రాత పేపర్లోని 'జతపరచండి'లో ఇంకో లోపం ఉంది. ఐదు మాటలు, ఐదు బొమ్మలు ఉంటే నాలుగు తెలిసిన పిల్లకు ఐదోది తేరగా వస్తుంది. ఒకటి తప్పితే రెండు పోతాయి. అందుకే నాలుగు మార్కులు దాదాపు ఎవరికీ రావు, గమనించారా? ఐదు మాటలకు ఏడు బొమ్మలు పెట్టండి. రెండు బొమ్మలు మిగలాలి.

పాతబస్తీ_పంతులమ్మ
బొమ్మల ఎంపిక కూడా ముఖ్యం మాస్టారూ. 'క్యాట్' అడిగే కార్డులో పిల్లి, బస్సు, చెట్టు, ఇల్లు ఉంటే 'క్' ఒక్కటి వినబడినా చాలు. పిల్లి, టోపీ, కప్పు, ఆవు పెట్టండి: క్యాట్, క్యాప్, కప్, కౌ. నాలుగూ 'క్'తోనే మొదలవుతాయి కాబట్టి చివరి వరకు వినాల్సిందే. 'పెన్', 'పిన్' ఒకే కార్డులో పెట్టడం మాత్రం ఈ తరగతికి ఎక్కువ.

బొమ్మలు గీసేటప్పుడు జాగ్రత్త: కోడిపెట్ట బొమ్మకు 'హెన్' అనొచ్చు, 'చికెన్' అనీ అనొచ్చు. పడవకు 'బోట్', 'షిప్' రెండూ. ఎలుకకు 'ర్యాట్', 'మౌస్'. పిల్లను చూపించమన్నప్పుడు ఇబ్బంది లేదు. పేరు చెప్పమన్నప్పుడు రెండూ ఒప్పుకోండి.

ఇక ఉచ్చారణ. ఏవి తప్పులు కావో ముందే కాగితం మీద రాసిపెట్టుకోకపోతే ఉదయం పరీక్షించిన పిల్లకు ఒక న్యాయం, మధ్యాహ్నం పిల్లకు ఇంకో న్యాయం అవుతుంది.

'బుక్కు', 'బస్సు', 'పెన్ను', 'కప్పు': తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి చివర 'ఉ' వచ్చి చేరుతుంది. మార్కు తీయొద్దు, గుర్తు మాత్రం పెట్టుకోండి. 'ఇస్కూలు', 'ఇస్టూలు' కూడా అంతే. 'ఎగ్' అనడానికి 'యెగ్', 'ఆరెంజ్' అనడానికి 'వారెంజ్' అంటారు. ఇవన్నీ మన నోటి అలవాట్లు, తెలియకపోవడం కాదు. వి, డబ్ల్యూ తేడా చాలామంది పెద్దవాళ్ళకే లేదు, పిల్లను అడగొద్దు. జెడ్ ధ్వనికి 'జ' అంటే ఒప్పుకోండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఆ ధ్వని, ఎఫ్ ధ్వని ముందే నోట్లో ఉంటాయి. జీబ్రా, జూ వాళ్ళ చేత చెప్పించండి, మిగతావాళ్ళు విని నేర్చుకుంటారు.

మార్కు తీయాల్సింది అర్థం మారేచోట: 'కప్'ను 'క్యాప్' అంటే, 'పిగ్'ను 'పెగ్' అంటే.

కరీంనగర్_ఎస్జీటీ
ఎ అక్షరం చిన్న ధ్వని మాత్రం ఎంత చెప్పినా 'ఆ' అంటారు మేడమ్. 'క్యాట్' వస్తుంది, 'మ్యాన్' వస్తుంది. విడిగా అడిగితే 'ఆ'.

పాతబస్తీ_పంతులమ్మ
మేకను 'మ్యాక' అనే, వేపను 'యాప' అనే ఊళ్ళు కదా మీవైపు. ఆ అచ్చు పిల్లల నోట్లో ఉండనే ఉంది. 'మ్యాక' అనిపించి, మధ్యలో ధ్వనిని పట్టుకుని, దాన్ని చప్పున కురచ చేయించండి. ఇంటి మాటను బడిలో తప్పు అనకుండా వాడుకుంటే సగం పని అయిపోతుంది.

అసలు గండం యు అక్షరం. పేరు 'యు', ధ్వని 'అ'. 'సన్'ను 'సున్' అని, 'కప్'ను 'కుప్' అని చదవడం అందుకే. 'పుట్' అనే మాటను మాత్రం పరీక్షలో చదివే మాటల్లో పెట్టకండి, చదివే పాఠంలోనూ వాయిదా వేయండి. దారి కుదురుతున్న సమయంలో అది దారి తప్పిస్తుంది.

తాటాకు_పలక
చాలా పనికొచ్చే మాటలు. అక్షరాలు మార్చాను, కార్డులు మళ్ళీ గీస్తున్నాను. మాటల భాగం గురించి చెప్పండి. పుస్తకంలోవి పది సరిపోతాయా?

హలంతం
పుస్తకంలోవి పదీ పెడితే జ్ఞాపకం కొలిచినట్టు. పిల్ల 'హెన్' మాటను దాని కింద ఉండే కోడి బొమ్మతో కలిపి ఫొటోలా పట్టుకుంటుంది. ఐదు పుస్తకంలోవి, ఐదు ఎక్కడా చూడనివి పెట్టండి. రెండు గుంపుల్లోనూ ఐదు హ్రస్వాచ్చులకు ఒక్కో మాట.

చూసినవి: క్యాట్, హెన్, పిగ్, డాగ్, సన్.
చూడనివి: ర్యామ్, పెగ్, రిమ్, కాబ్, టగ్. ఇక్కడ కాబ్ అంటే ఓ అక్షరంతో రాసేది, మొక్కజొన్న కంకి.

మొదటి గుంపు 5, రెండో గుంపు 0: ఆ పిల్లకు చదవడం రాలేదు, బొమ్మలా గుర్తుపెట్టుకుంది. 4, 4: ధ్వనులు కలపడం వచ్చింది, ఇక కథల పుస్తకం చేతికివ్వండి. 2, 2 అయితే ఏ అచ్చు దగ్గర ఆగుతోందో గడులే చెబుతాయి.

కొన్ని పరీక్షల్లో ఇందుకు అర్థం లేని కల్పిత మాటలు వాడతారు. ఇంగ్లిష్ ఇంటి భాష అయిన పిల్లకు అది అవసరం, వాళ్ళకు మూడక్షరాల మాటలన్నీ తెలుసు. మన పిల్లకు 'టగ్' కూడా కొత్తే. ఉన్న మాటే వాడితే తర్వాత అర్థం చెప్పి నేర్పుకోవచ్చు.

వరసగా మూడు రాకపోతే అక్కడితో ఆపేయండి. మిగతావి సున్నా. రాని మాటలు పది ముందు పెట్టి పిల్లను కూర్చోబెట్టడం అన్యాయం.

లెక్కలమాస్టారు
ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువును కొలిచే ఏసర్ సర్వేలో ఇంగ్లిష్ చదివించే తీరు కూడా చూడదగ్గది. పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, చిన్న మాటలు, తేలిక వాక్యాలు, ఇలా మెట్లు. అక్షరాలు, మాటల మెట్లలో పిల్లే ఐదు ఎంచుకుంటుంది, ఐదింట నాలుగు వస్తే ఆ మెట్టు దాటినట్టు. మాట చదివిన తర్వాత దాని అర్థం ఇంటి భాషలో చెప్పమంటారు. ఈ చివరి సంగతిని మన పరీక్షలో చేర్చాలి: 'పిగ్' అని చదివి 'పంది' అని చెప్పలేకపోతే వేరే గడిలో నమోదు చేయండి. చదవడం ఒకటి, అర్థం ఒకటి.

నాలుగుగీతలు
అచ్చు వేయడం (ప్రింటు) గురించి ఎవరూ మాట్లాడలేదు. కార్డులు కంప్యూటర్లో కొడితే ఎ అక్షరం పైన గొడుగులాంటి వంపుతో వస్తుంది. పిల్ల నాలుగు గీతల పుస్తకంలో రాసేది గుండ్రంగా, పక్కన నిలువు గీతతో. రెండూ ఒకటే అక్షరమని ఎవరూ చెప్పకపోతే పిల్లకు అది 27వ అక్షరం. జి కూడా అంతే. అచ్చులో పైనొకటి, కిందొకటి రెండు గుండ్రాలతో వచ్చే రకం ఉంటుంది. పెద్దబడి ఐ, చిన్నబడి ఎల్ చాలా ఖతుల్లో ఒకే నిలువు గీత.

చదవడం నేర్చుకునేవాళ్ళ కోసమే చేసిన 'ఆండికా' అనే ఉచిత ఖతి ఉంది, అందులో ఎ చేతిరాతలా ఉంటుంది. అది లేకపోతే స్కెచ్ పెన్నుతో చేత్తో రాయండి, అదే మేలు. అచ్చయితే 28 పాయింట్లకు తగ్గకుండా, మాటకూ మాటకూ మధ్య రెండు వేళ్ళ ఎడం. కార్డుకు ఐదు మాటలే. పక్కన అలంకారపు పూలు, ముగ్గులు వద్దు, కన్ను అటే పోతుంది.

పిల్లలు పుస్తకంలో రోజూ చూసే గొడుగు ఎ సంగతి పరీక్షకు ముందే ఒక పీరియడ్‌లో తేల్చండి. పాఠంలో ఒక పేజీ తెరిపించి రెండు రకాల ఎ ఎక్కడుందో సున్నా చుట్టించడం చాలు.

మన్యం_బడి
మాట్లాడే భాగంలో పూర్తి వాక్యానికి 2, ఒక్క మాటకు 1 అని రాశారు. దయచేసి తీసేయండి. 'వాట్ ఈజ్ దిస్?' అంటే 'బాల్' అనడమే మామూలు జవాబు. తెలుగులో 'ఇదేంటి?' అంటే 'ఇది బంతి' అని ఎవరంటారు, 'బంతి' అంటారు. ఒక్క మాటకే పూర్తి మార్కులు ఇవ్వండి. వాక్యం కావాలంటే వాక్యం వచ్చే ప్రశ్న వేయండి: బొమ్మ చూపించి 'టెల్ మీ అబౌట్ దిస్ బాయ్' అని.

2, 1, 0 ఇలా వాడండి: మొదటిసారి అడగగానే ఇంగ్లిష్‌లో చెబితే 2. రెండోసారి అడిగాక చెప్పినా, లేదా ఇంటి భాషలో సరైన జవాబు చెప్పినా 1. 'హౌ మెనీ?' అంటే 'మూడు' అన్న పిల్లకు ప్రశ్న అర్థమైంది, మాట నోటికి రాలేదు. ఆమెకూ, ఏమీ అర్థం కాని పిల్లకూ ఒకే సున్నా వేస్తే ఇద్దరికీ తప్పు పాఠం చెబుతాం.

'ఇంటి భాష' అన్నాను, తెలుగు అనలేదు. కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే ఇళ్ళ పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. సూచనలు తెలుగులో చెప్పినా అర్థం కాని పిల్ల ఉంటుంది. ఆ భాష తెలిసిన పై తరగతి పిల్ల చేత లేదా అంగన్‌వాడీ ఆయా చేత 'ఏం చేయాలి' అన్నది మాత్రం ముందుగా చెప్పించండి, జవాబులు కాదు. ప్రతి భాగానికీ మార్కులు లేని ఉదాహరణ ఒకటి చేసి చూపించడం ఇంకా మంచిది.

ఇంకో మాట. విని చేసే భాగంలో పూర్తిగా సున్నా వచ్చిన పిల్లను వెనకబడిన పిల్ల అనేముందు చెవి చూడండి. వెనక రెండడుగుల దూరంలో నిలబడి మెల్లగా ఇంటి భాషలో 'చేతులు పైకెత్తు' అనండి. కదలకపోతే చెవిలో గుమిలి కావచ్చు, చీము కావచ్చు. బడికి వచ్చే ఆర్బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందానికి పేరు రాసివ్వండి. బోర్డు దగ్గరకొచ్చి చూసే పిల్లకు కళ్ళ సంగతీ అంతే.

తాటాకు_పలక
పూర్తి వాక్యం నిబంధన తీసేశాను. సరైన మాట చెప్పారు.

విని చేసే భాగంలో ఇంకేమైనా?

మన్యం_బడి
మీ చూపు. 'గివ్ మీ ద పెన్' అంటూ మనకు తెలియకుండానే పెన్ను వైపు చూస్తాం, చెయ్యి చాస్తాం. పిల్ల మన కళ్ళను చదువుతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, చూపు పిల్ల ముఖం మీదే ఉంచి చెప్పాలి. బల్ల మీద పెన్ను ఒక్కటే ఉంటే కూడా పరీక్ష లేనట్టే. పెన్ను, సుద్దముక్క, పుస్తకం, బంతి, నాలుగూ ఉండాలి.

ఆరు ఆదేశాల్లో రెండు రోజూ తరగతిలో వాడేవి, రెండు వస్తువు మార్చినవి, రెండు జంట పనులవి. 'ఓపెన్ ద బుక్' రోజూ అనేది, 'ఓపెన్ ద బ్యాగ్' వస్తువు మార్చినది, 'టేక్ ద బాల్ అండ్ పుట్ ఇట్ అండర్ ద చైర్' జంట పని. మొదటి రెండే వస్తే పిల్ల గొంతు తీరుకు అలవాటు పడింది. మధ్య రెండు కూడా వస్తే మాటలు విడదీసి వింటోంది.

కరీంనగర్_ఎస్జీటీ
ఆరుగురికి పరీక్ష పెడుతుంటే మిగతా 26 మంది ఏం చేయాలి? ఒకే గదిలో రెండు తరగతులున్న బళ్ళలో ఇదే అసలు అడ్డంకి. పైగా బయటికెళ్ళిన పిల్ల 'రిమ్ అడిగారు, టగ్ అడిగారు' అని అందరికీ చెప్పేస్తుంది.

నాలుగుగీతలు
రెండోదానికి జవాబు తేలిక. ఒకే స్థాయి కష్టమున్న రెండు కార్డులు: అ కార్డు, ఆ కార్డు. ర్యామ్, పెగ్, రిమ్, కాబ్, టగ్ ఒకదాంట్లో. వ్యాట్, డెన్, ఫిగ్, లాగ్, హమ్ రెండోదాంట్లో. పిల్ల పిల్లకూ మార్చండి.

మొదటిదానికి: ఆ 36 నిమిషాల్లో మిగతావారికి మాట వినే అవసరం లేని పని ఉండాలి. విని రంగులేసే కాగితం ముందు రోజే చెప్పేసి, రంగులు ఆ సమయంలో నింపించండి. కేంబ్రిడ్జ్ వాళ్ళ ప్రీ ఏ1 స్టార్టర్స్ పరీక్షలో వినే భాగం చివర ఇలాంటి పనే ఉంటుంది: ఒకే బొమ్మలో ఒకే వస్తువు చాలాచోట్ల, 'చెట్టు మీద ఉన్న బంతికి ఎరుపు, పెట్టెలో ఉన్నదానికి నీలం' అని చెబుతారు. ఆన్, ఇన్, అండర్ తెలిసిందో లేదో రాత లేకుండా తేలిపోతుంది. పది కాపీలు జెరాక్స్ తీయించక్కర్లేదు, బోర్డు మీద గీసి పిల్లల చేత గీయించుకోవచ్చు. ఆ పరీక్షలో పాస్, ఫెయిల్ లేవు, ఒక్కో నైపుణ్యానికి ఐదు డాళ్ళ వరకు ఇస్తారు. మాట్లాడే భాగం మూడు నుంచి ఐదు నిమిషాలే. మీ ఆరు నిమిషాలు పిల్ల వయసుకు తగ్గదే.

లెక్కలమాస్టారు
ఒక సందేహం. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతి పిల్ల నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలని ఉంది. గడియారం పెట్టి చదివించాలా?

హలంతం
రెండో తరగతి ఇంగ్లిష్‌కు వద్దు. ఇంటి భాషలో చదివే పిల్లకు మాట తెలుసు, అక్షరాలు కలిపితే చాలు. ఇంగ్లిష్‌లో మాటే తెలియదు. గడియారం చూపిస్తే పిల్ల నేర్చుకునేది ఒక్కటే, అర్థం పట్టించుకోకుండా పరిగెత్తడం. మాటకు 5 సెకన్లు ఆగండి, మనసులో లెక్కపెట్టుకోండి, రాకపోతే తర్వాతి మాట చూపించండి. అంతవరకే సమయం పని.

నాలుగుగీతలు
రాత భాగం విడిగా, తరగతి మొత్తానికి ఒకేసారి పెట్టుకోవచ్చు. చూసి రాయడానికి మార్కులు వద్దు, అది చేతిరాత సాధన. ఐదు మాటలు చెప్పి రాయించండి, మాటకు 3 చొప్పున 15. ధ్వనికో మార్కు. 'క్యాట్'ను కె, ఎ, టి అని రాసిన పిల్లకు 3కి 3. సి, టి అని రాస్తే 2, అచ్చు వినబడలేదన్నమాట. మన పిల్లలు ఎక్కువగా వదిలేది మధ్య అచ్చునే. మొదటి హల్లు ముందు వస్తుంది, తర్వాత చివరిది, ఆఖరున అచ్చు. ఇప్పుడు వేసే ఒప్పు, తప్పు మార్కుల్లో ఈ మూడు మెట్లూ ఒకే సున్నా కింద కలిసిపోతున్నాయి.

కరీంనగర్_ఎస్జీటీ
కె తో రాసినదానికి పూర్తి మార్కులిస్తే తప్పు స్పెల్లింగ్ స్థిరపడదా? తల్లిదండ్రులు పేపరు చూసి అడుగుతారు కూడా.

నాలుగుగీతలు
ఎర్ర సిరాతో కొట్టేయకుండా కింద సరైన రూపం రాయండి, పిల్ల చేత పక్కన ఒకసారి రాయించండి. పది సార్లు కాదు. తల్లిదండ్రులకు ఒక వాక్యం చాలు: 'విన్న ధ్వనులన్నీ పట్టుకుంది, ఇక స్పెల్లింగ్ నేర్పుతాం.' సి, కె ఎక్కడ ఏది వస్తుందో మూడో తరగతిలో చెప్పుకోవచ్చు: ఇ, ఐ ముందు కె; ఎ, ఓ, యు ముందు సి. కిట్, కెగ్, క్యాట్, కాట్, కప్. కంగారూ (జంతువు పేరు) లాంటి మినహాయింపులు కొన్నే.

పక్కవాళ్ళవి చూసి రాయకుండా ఉండాలంటే వరస మార్చి మాట మార్చండి. రోజువారీ సాధనకైతే పలకలే మేలు: రాయగానే పలక గుండెకు ఆనించుకోవాలి, 'షో' అన్నప్పుడే అందరూ ఒక్కసారి తిప్పాలి. 32 పలకలు పది సెకన్లలో చూడొచ్చు. ఎవరికి అచ్చు రాలేదో అక్కడికక్కడే తెలుస్తుంది.

తాటాకు_పలక
నమోదు పత్రంలో ఒప్పుకు టిక్కు, తప్పుకు ఇంటూ పెడుతున్నాను. చాలదా?

పాతబస్తీ_పంతులమ్మ
చాలదు. తప్పయినచోట పిల్ల ఏమన్నదో తెలుగు లిపిలో రాయండి, మన లిపికి ఆ బలం ఉంది. 'టగ్' గడిలో 'టుగ్' అని ఉంటే యు ధ్వని రాలేదు. 'గట్' అని ఉంటే చదివే దిక్కు కుదరలేదు. 'ట్, అ, గ్' అని ఉంటే ధ్వనులు వచ్చు, కలపడం రాలేదు. 'టైగర్' అని ఉంటే మొదటి అక్షరం చూసి ఊహించింది. నాలుగింటికీ నాలుగు వేర్వేరు పాఠాలు కావాలి, నాలుగింటికీ ఇంటూ ఒకటే.

పరీక్ష అయ్యాక ఈ నాలుగు రకాలుగానే జట్లు కట్టండి, మార్కుల ప్రకారం కాదు. ధ్వని రానివారికి రోజుకు ఒక్క ధ్వని, పాతవి నాలుగు కలిపి. కలపడం రానివారికి రోజూ పది నిమిషాలు నోటితోనే: మీరు 'స్, అ, న్' అంటే వాళ్ళు 'సన్' అనాలి, అక్షరాలు చూపించకుండా. ఊహించేవారికి బొమ్మలు తీసేసిన కార్డులు, చివరి అక్షరం ఒక్కటే మారే మాటలు: క్యాట్, క్యాప్, క్యాన్, క్యాబ్. దిక్కు కుదరనివారికి మొదటి అక్షరం కింద ఆకుపచ్చ చుక్క, వారం తర్వాత చుక్క తీసేయాలి. మూడు వారాల తర్వాత అ, ఆ కార్డుల్లో రెండోదానితో మళ్ళీ చూడండి, మొత్తం పరీక్ష అక్కర్లేదు, మాటల భాగం చాలు.

మన్యం_బడి
ఇంకోటి: గోడ మీద అక్షరాల చార్టును ఒకసారి పరీక్షించండి. బజారులో దొరికే వాటిలో ఐ దగ్గర ఐస్‌క్రీమ్ ఉంటుంది, మనం నేర్పే ధ్వని 'ఇ'. ఓ దగ్గర గుడ్లగూబ, ఔల్. జి దగ్గర జిరాఫ్. సి దగ్గర కుర్చీ, ఎస్ దగ్గర ఓడ, టి దగ్గర బొటనవేలు ఉన్నవీ ఉన్నాయి. చైర్, షిప్, థమ్ మూడింట్లోనూ ఆ అక్షరం హెచ్‌తో కలిసి వేరే ధ్వని ఇస్తుంది. ఏడాదంతా ఆ చార్టు చూసిన పిల్లను 'ఐ ధ్వని ఏంటి?' అంటే 'ఐ' అనే అంటుంది.

తాటాకు_పలక
మా చార్టులో ఐదు అలాగే ఉన్నాయి. ఐ దగ్గర ఇంక్ సీసా, ఓ దగ్గర ఆరెంజ్, జి దగ్గర గోట్, సి దగ్గర క్యాట్, టి దగ్గర టాప్ బొమ్మలు అతికిస్తున్నాను. ఎక్స్ దగ్గర క్రిస్మస్ చెట్టు ఉంది, అక్కడ ఏం పెట్టాలి?

హలంతం
ఎక్స్‌తో మొదలయ్యే తేలిక మాట లేదు, ఆ ధ్వని చివర్లోనే వినబడుతుంది. బాక్స్ బొమ్మ పెట్టి, కింద ఆ మాట రాసి, చివరి అక్షరం ఒక్కటే ఎర్ర రంగులో రాయండి. ఫాక్స్, సిక్స్ కూడా అలాగే రాసుకోవచ్చు. టి దగ్గర 'టాప్' అన్నారు, బొంగరమేనా? ఓ అక్షరంతో రాసే టాప్, నీళ్ళ కుళాయి ట్యాప్ రెండూ పిల్లలకు ఒకేలా వినబడతాయి. టెన్ పెట్టండి, పది వేళ్ళు గీస్తే చాలు.